కుక్కతో కారు క్యాంపింగ్: రూఫ్‌టాప్ టెంటా, నేల టెంటా, బండిలోనే పడకా?

ఆరుబయట రాత్రి గడపడానికి సొంత బండిలో బయలుదేరేవారికి మూడు దారులున్నాయి: బండి పైకప్పు మీద తెరుచుకునే రూఫ్‌టాప్ టెంట్, బండి పక్కన నేల మీద వేసుకునే మామూలు టెంట్, వెనుక సీట్లు మడిచి బండిలోనే పరచుకునే పడక. వీటిలో ఏది మంచిదన్న మాట వస్తే విజయవాడ, గుంటూరు వైపు ఎక్కువమంది చూపు రూఫ్‌టాప్ టెంట్ మీదే నిలుస్తుంది. చూడటానికి ఘనంగా ఉండేదీ, వీడియోల్లో కనిపించేదీ అదే. అయితే ఇంట్లో కుక్క ఉన్నవారు ధర, కంపెనీ, సైజు చూడకముందే ఒక విషయం తేల్చుకోవాలి. రాత్రి కుక్క ఎక్కడ పడుకుంటుంది? దీనికి జవాబు దొరికితే మిగతా ఎంపికలో సగానికి పైగా దానంతటదే తేలిపోతుంది. దీన్ని పక్కన పెట్టి టెంట్ కొన్నవారు తరువాత కుక్కను ఇంటి దగ్గర వదిలి వెళ్లడమో, టెంట్‌ను అటకెక్కించడమో చేయవలసి వస్తుంది.

నిచ్చెన దగ్గర తేలే సంగతి

మామూలు ఎస్‌యూవీ మీద క్యారియర్ బిగించి దానిపై టెంట్ పెడితే పడక నేలకు దాదాపు రెండు మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడికి చేరాలంటే నిటారుగా నిలిచే అల్యూమినియం నిచ్చెన తప్ప మరో దారి లేదు. మనిషికి అది పెద్ద కష్టం కాదు. ఒక లాబ్రడార్‌ను ఆ నిచ్చెన ముందు నిలబెట్టి చూడండి: ముందు కాళ్లు రెండో మెట్టు మీద వేస్తుంది, వెనుక కాళ్లకు చోటు వెతుక్కుంటుంది, గుండ్రటి గొట్టం మీద పంజా నిలవక జారి, రెండు మెట్ల నడుమ సందులోకి కాలు దిగిపోతుంది. అప్పుడు అది బెదిరి వెనక్కి గుంజుకుంటే కాలు విరిగే ప్రమాదం ఉంది. తంటాలు పడి పైకి చేర్చినా, తెల్లవారుజామున దాన్ని మూత్రానికి దింపడం అంతకంటే కష్టమైన పని. నిద్రమత్తులో, చీకట్లో, మంచుకు తడిసిన మెట్ల మీద, ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని మరో చేత్తో కుక్కను మోయాలి.

అందుకే బరువు లెక్క ముఖ్యం. పగ్, షిజూ, డాక్స్‌హండ్ వంటివీ, చిన్న బీగిల్ వంటివీ 12 కిలోల లోపు ఉంటాయి కాబట్టి, వీపు మీద పట్టు ఉన్న హార్నెస్ తొడిగి ఒకరు పైనుంచి అందుకుంటే, ఒకరు కింద నుంచి అందించవచ్చు. పదిహేను కిలోలు దాటిన నాటు కుక్కతో ఇది రోజూ చేయగలిగిన పని కాదు. పాతిక నుంచి ముప్ఫై ఆరు కిలోల దాకా తూగే లాబ్రడార్‌నో, అంతకు తగ్గని జర్మన్ షెపర్డ్‌నో నిచ్చెన మీద మోయాలనుకోవడం మనిషికీ కుక్కకూ క్షేమం కాదు. వయసు మీరి తుంటి కీళ్లు అరిగిన కుక్క విషయంలో ఈ ఆలోచనే వద్దు.

పెద్ద కుక్క ఉన్నవారికి అమ్మకందారులు చూపే మార్గం అనెక్స్, అంటే పైన టెంట్ అంచు నుంచి నేల దాకా వేలాడే గుడ్డ గది. పగలు నీడకు, బట్టలు మార్చుకోవడానికి అది చక్కగా పనికివస్తుంది. రాత్రి కుక్కను అందులో ఒంటరిగా ఉంచడం మాత్రం నాకు నచ్చదు. చాలా అనెక్సులకు గోడలతో కలిపి కుట్టిన అడుగు ఉండదు. ఊరి పొలిమేరల్లో వీధికుక్కలు రాత్రంతా తిరుగుతాయి. వాటి వాసన తగిలితే మన కుక్క మొరుగుతుంది, గుడ్డ కిందనుంచి దూరి బయటకు పోవడానికీ చూస్తుంది. పైన పడుకున్న యజమాని కిందికి దిగి రావడానికి పట్టే ఆ నిమిషంలో ఏమైనా జరగవచ్చు.

ఇక పైన మనుషులు, కింద బండిలో కుక్క అనే ఏర్పాటు డిసెంబరు, జనవరి రాత్రులకు సరిపోతుంది. అప్పుడు మన ప్రాంతంలో రాత్రి వేడి ఇరవై డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, అన్ని కిటికీలూ నాలుగు వేళ్లు దించి దోమతెర బిగిస్తే కుక్క హాయిగా పడుకుంటుంది. సూర్యుడు పైకి వచ్చేలోగా దాన్ని బయటకు తేవడం తప్పనిసరి. బయట 30 డిగ్రీలున్న రోజున మూసిన కారులో పది నిమిషాలకే దాదాపు 40, అరగంటకు 50కి దగ్గరగా చేరుతుంది. కిటికీ కాస్త దించినంత మాత్రాన పెద్ద తేడా ఉండదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల మధ్య ఉంటుంది, అది 41 దాటితే ప్రాణాపాయం. పగ్, షిజూ వంటి చప్పిడి ముక్కు జాతులు రొప్పి ఒంటి వేడిని సరిగా వదులుకోలేవు కాబట్టి వాటి విషయంలో ఇంకా ముందే జాగ్రత్తపడాలి. ఇదే కారణంతో మార్చి నుంచి జూన్ వరకు కోస్తాలో కుక్కతో క్యాంపింగ్ ఏ టెంట్‌తోనూ వద్దని నా సలహా. రోహిణి కార్తెలో మనిషి ఎలాగో తట్టుకోగలిగినా, ఒంటి నిండా బొచ్చుతో ఉన్న జీవికి ఆ శిక్ష వేయకూడదు.

పైకప్పు ఎంత మోస్తుంది

రూఫ్‌టాప్ టెంట్‌లో మడత విప్పే గుడ్డ రకం సాధారణంగా 45 నుంచి 60 కిలోలు, గట్టి పెంకుతో పెట్టెలా తెరుచుకునే హార్డ్ షెల్ రకం 60 నుంచి 80 కిలోలు ఉంటుంది. బండి మాన్యువల్‌లో పైకప్పు మీద మోయదగిన బరువు రాసి ఉంటుంది. అది బండి కదులుతున్నప్పటి లెక్క. చాలా బండ్లకు 50 నుంచి 100 కిలోల మధ్య ఉండే ఈ లెక్కలో క్యారియర్ బరువు కూడా కలుస్తుందన్నది చాలామంది మరిచిపోతారు. ఉదాహరణకు 75 కిలోలు మోయగల బండి మీద 25 కిలోల ఇనుప క్యారియర్ వేసి 60 కిలోల టెంట్ ఎక్కిస్తే, మొత్తం 85 అయి, ఇంకా బయలుదేరకముందే హద్దు దాటినట్టు. నిలిపి ఉంచిన బండి ఇంతకు ఎన్నో రెట్లు మోస్తుంది కాబట్టి, అదే టెంట్‌లో ఇద్దరు పెద్దవాళ్లు, పరుపులు కలిపి 230 కిలోలు దాటినా రాత్రి భయం లేదు. బిగువంతా రోడ్డు మీద, మలుపుల్లో, గుంతల్లో, గట్టిగా బ్రేకు వేసినప్పుడు పడుతుంది.

బండి పైన రెండు వైపులా కనిపించే పట్టాలను చూసి మోసపోకూడదు. మన దేశంలో అమ్మే చాలా మోడళ్లలో అవి అలంకారానికి అతికించినవే. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక పెద్ద మేస్త్రి ఈ సంగతిని పరీక్షించే తీరు సులువైనది. పట్టా చివరి ప్లాస్టిక్ మూత ఊడదీసి, కింద బోల్టు పైకప్పు లోపలి రేకు దాకా దిగిందో, జిగురుతో ఆగిందో టార్చి వేసి చూపిస్తాడు. "సార్, పట్టా చూసి బరువు పెట్టకండి, బోల్టు చూసి పెట్టండి" అన్న ఆయన మాట ఏ బ్రోచర్ కంటే విలువైనది. గుడ్డ పైకప్పు ఉన్న జీపు తరహా బండ్ల మీద టెంట్ పెట్టే వీలు లేదు. విడదీయగల ఫైబర్ పైకప్పు ఉన్నవాటికి బరువును బాడీ మీదికి దించే బయటి ఫ్రేము కావాలి, దాని బరువు మళ్లీ వేరు.

ఆటోనగర్‌లో ఏ ఆకారానికైనా క్యారియర్ చేసి పెడతారు, ధర కూడా రెడీమేడ్ వాటికంటే తక్కువే. అయితే మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కాబట్టి పైకప్పుకు రంధ్రాలు వేసి, వెల్డింగ్ చేసి శాశ్వతంగా బిగించే పనికి ఒప్పుకోకండి. బోల్టులు విప్పితే ఊడివచ్చే క్యారియర్ చేయించుకుని, ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాసి జవాబు కూడా రాతపూర్వకంగా తీసుకోవడం మేలు.

అపార్ట్‌మెంట్లో ఉండేవారు సెల్లార్ ఎత్తును టేపుతో కొలిచి చూసుకోవాలి. 1.8 మీటర్ల ఎత్తున్న బండి మీద క్యారియర్, మడిచిన టెంట్ కలిపితే 2.2 మీటర్లు దాటుతుంది. సెల్లార్‌లోకి దిగే ర్యాంపు దగ్గర దూలమో, నీటి పైపో దానికంటే కిందికి ఉంటే ప్రతిసారీ టెంట్‌ను విప్పి దించాలి. అరవై కిలోల పెట్టెను దించడానికి కనీసం ఇద్దరు మనుషులు, దాన్ని దాచడానికి ఒక మూల కావాలి. టెంట్ ఎప్పుడూ పైనే ఉంటే పెట్రోలు, డీజిల్ ఖర్చు పెరుగుతుంది, బండి బరువు కేంద్రం పైకి జరుగుతుంది. కనకదుర్గమ్మ వారధి మీద పక్కగాలి కొట్టే రోజుల్లో స్టీరింగులో ఆ తేడా చేతికి తెలుస్తుంది.

నేల టెంట్‌కు దక్కవలసిన గౌరవం

రూఫ్‌టాప్ టెంట్ ధర పదుల వేల నుంచి మొదలై రెండు లక్షలు దాటే దాకా ఉంటుంది. మంచి నేల టెంట్ అందులో చిన్న వంతుకే వస్తుంది. ముగ్గురు పట్టే తేలిక రకం టెంట్ బరువు సాధారణంగా మూడు, నాలుగు కిలోలే, దాన్ని ఏ బండిలోనైనా వేసుకోవచ్చు. వేసిన తరువాత బండి ఖాళీగా ఉంటుంది కాబట్టి రాత్రి కుక్కకు జబ్బు చేసినా, ఎవరికైనా ఆసుపత్రి అవసరం వచ్చినా వెంటనే తాళం తిప్పి బయలుదేరవచ్చు. రూఫ్‌టాప్ టెంట్ ఉన్నవారు ముందుగా దాన్ని మడిచి, బెల్టులు బిగించి, నిచ్చెన కట్టి ఆ తరువాత కదలాలి. ఈ ఒక్క తేడాకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. అన్నిటికంటే ముఖ్యంగా, నేల టెంట్‌లో కుక్క మన కాళ్ల దగ్గర పడుకుంటుంది, కొత్త చోట అది బెదరకుండా ఉండటానికి యజమాని వాసన దగ్గరగా ఉంటే చాలు.

రూఫ్‌టాప్ టెంట్‌కు అనుకూలంగా చెప్పే వాదనల్లో నిజమైన బలం ఉన్నది పాముల విషయం. మన పొలాల్లో, తోటల్లో నాగుపాము, రక్తపింజర, కట్లపాము ఉన్నాయి. వీటిలో కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కాటేస్తుంది, కాటు నొప్పి అంతగా తెలియదు కాబట్టి మెలకువ రాకపోవచ్చు కూడా. ఎత్తున పడుకుంటే ఆ భయం ఉండదన్నది ఒప్పుకోవాలి. అయితే అడుగు, గోడలు కలిపి కుట్టి, జిప్పు పూర్తిగా మూసిన నేల టెంట్ కూడా ఈ కాపుదల చాలావరకు ఇస్తుంది. ప్రమాదం వచ్చేది జిప్పు సగం తెరిచి ఉంచినప్పుడు, బయట విడిచిన చెప్పుల్లో చీకట్లో కాలు పెట్టినప్పుడు, గడ్డివాము పక్కనో రాళ్ల కుప్ప పక్కనో టెంట్ వేసినప్పుడు. కుక్కకైతే ఏ టెంట్ అయినా ఒకటే; కాటు పడేది అది పొదలో ముక్కు పెట్టినప్పుడు. చీకటి పడ్డాక దాన్ని గొలుసు లేకుండా వదలకపోవడమే దానికి రక్ష. మనిషికి కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, మంత్రం అంటూ ఆగకుండా, కాలో చేయో కదపకుండా 108కు ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి.

నేల టెంట్‌కు అసలు ఇబ్బంది మన నేలే. డెల్టా నల్లరేగడి ఎండితే మేకు దిగదు, తడిస్తే దిగిన మేకు నిలవదు, బండి చక్రం కూడా కూరుకుపోతుంది. సూర్యలంక, మంగినపూడి వైపు ఇసుకలో మామూలు మేకులు గాలికి ఊడివస్తాయి కాబట్టి సంచుల్లో ఇసుక నింపి, వాటికి తాడు కట్టి పాతిపెట్టాలి. తీరంలో గాలి సాయంత్రం ఒక రకంగా, తెల్లవారుజామున మరో రకంగా ఉంటుంది. ఎత్తున నిలిచే రూఫ్‌టాప్ టెంట్ ఆ గాలికి చప్పుడు చేస్తూ ఊగుతుంది, తక్కువ ఎత్తున్న నేల టెంట్ బండి చాటున నిశ్చింతగా ఉంటుంది. కృష్ణ ఒడ్డున, లంకల్లో, వాగుల పక్కన ఇసుక మెత్తగా ఉందని టెంట్ వేసుకోవడం ఏ కాలంలోనూ మంచిది కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదలవలసి వచ్చిందనీ, అదే వారంలో బుడమేరు విజయవాడ కాలనీలను ముంచిందనీ మనకు తెలుసు. ఎగువన వాన పడితే ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా నీరు వస్తుంది.

గుడ్డ విషయంలో ఒక మాట. దూది కలిసిన మందపాటి క్యాన్వాస్ లోపల ఊపిరాడుతుంది, తెల్లవారేసరికి గోడలకు చెమట పట్టదు. పాలిస్టర్ తేలిక, చవక, కాని మన తీరంలోని ఉక్కలో లోపలి గోడ నుంచి నీటి చుక్కలు రాలతాయి. క్యాన్వాస్ తడిస్తే బరువెక్కుతుంది, తడి మీద మడిస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది. నేల టెంట్‌ను ఇంటి డాబా మీద ఒక పూట ఆరవేస్తే సరి. రూఫ్‌టాప్ టెంట్ ఆరాలంటే బండినే ఎండలో నిలిపి తెరిచి పెట్టాలి, అపార్ట్‌మెంట్ వాసులకు ఆ చోటు దొరకదు. ఏ టెంట్ అయినా పైన ఒక టార్పాలిన్ పట్టా అదనంగా కట్టుకోండి, గుంటూరులో మిరప కళ్లాల మీద కప్పేవి మంచి గట్టివే దొరుకుతాయి.

బండిలోనే పడక

మొదటిసారి వెళ్లేవారికి నేను చెప్పేది ఇదే. ఇన్నోవా, ఎర్టిగా వంటి మూడు వరుసల బండ్లలో వెనుక సీట్లు మడిచి, ఎత్తు పల్లాలు సరిచేయడానికి కింద ప్లైవుడ్ చెక్క వేస్తే, ముందు సీటు వెనుక నుంచి డిక్కీ తలుపు దాకా మనిషి కాళ్లు చాచుకునే పొడవు వస్తుంది. చెక్క కొనేముందు మీ పొడవుకు సరిపోతుందో లేదో ఇంటి దగ్గరే ఒకసారి పడుకుని చూడండి. చిన్న ఎస్‌యూవీల్లో ఈ పొడవు సాధారణంగా దొరకదు, కాళ్లు ముడుచుకోవాలి. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పెద్ద కుక్క అయితే ఇరుకే. ఒకరు, ఒక కుక్క అయితే ఇంతకంటే క్షేమమైన పడక లేదు: తలుపుకు తాళం ఉంటుంది, పాము రాదు, వాన పడదు. కిటికీలకు తొడిగే దోమతెరలు కొనడమో కుట్టించుకోవడమో చేస్తే అయ్యే ఖర్చు కూడా స్వల్పం. ఏసీ కోసం ఇంజను నడుపుతూ నిద్రపోవడం మాత్రం ప్రాణాంతకం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు.

ఎక్కడికి వెళ్తారన్నదీ ఎంపికే

గుంటూరు నుంచి బాపట్ల మీదుగా సూర్యలంక దాదాపు అరవై కిలోమీటర్లు, వారాంతానికి ఇంతకంటే దగ్గర తీరం లేదు. కాని జనవరి నుంచి మార్చి వరకు మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుకలోని గుడ్లను తవ్వి తినే జంతువుల్లో కుక్కలు ముందుంటాయి, లైట్లు చూస్తే తల్లి తాబేలు వెనుదిరిగిపోతుంది, పిల్లలు సముద్రం వైపు కాకుండా వెలుతురు వైపు పాకుతాయి. ఆ నెలల్లో కుక్కతో ఒడ్డు మీద రాత్రి గడపకుండా, ఒడ్డుకు దూరంగా అనుమతి ఉన్న చోటు చూసుకోవడం మన కనీస ధర్మం.

నల్లమల మీద మనసు ఉన్నవారు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోకి కుక్కను తీసుకువెళ్లే ఆలోచన మానుకోవాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ప్రవేశించకూడదు, నిప్పు రాజేయకూడదు. కుక్కల నుంచి వచ్చే డిస్టెంపర్ వైరస్ అడవి జంతువులకు సోకుతుంది. 2018లో గిర్ సింహాల మరణాలకు ఆ వైరస్ కూడా ఒక కారణం. శీతాకాలంలో లంబసింగి వైపు వెళ్లేవారికి మాత్రం రూఫ్‌టాప్ టెంట్ నిజంగా ఉపయోగపడుతుంది. అక్కడ చదునైన నేల దొరకడం కష్టం, మంచుకు గడ్డి తడిసి ఉంటుంది. బండిని చక్రాల కింద రాళ్లు పెట్టి మట్టం చేసుకుంటే పైన పొడి పడక సిద్ధంగా ఉంటుంది. ఆ చలిలో చిన్న కుక్క మన దుప్పట్లోనే పడుకుంటుంది.

మనలో చాలామందికి నూజివీడు, మైలవరం, తిరువూరు వైపు బంధువుల మామిడితోట ఉంటుంది. కుక్కతో మొదటి రాత్రికి అదే సరైన చోటు, బాబాయినో మావయ్యనో ముందురోజు అడిగితే బోరు నీళ్లు, నీడ, కంచె అన్నీ దొరుకుతాయి. అడగవలసిన ఇంకో మాట ఉంది: ఈ వారంలో మందు కొట్టారా, ఎలుకల మందు పెట్టారా? వరి గట్ల మీద పెట్టే బ్రోమాడియోలోన్ గింజలు, జింక్ ఫాస్ఫైడ్ కలిపిన నూకలు కుక్క తిన్నా, ఆ మందు తిని చచ్చిన ఎలుకను తిన్నా ప్రమాదమే. మిరప చేల పక్కన మందు కలిపిన డ్రమ్ముల్లో మిగిలిన నీళ్లు తాగనివ్వకూడదు.

ఎవరికి ఏది

పెద్ద కుక్క, ఇద్దరు మనుషులు, వెళ్లేది కోస్తా, తోటలు అయితే నేల టెంట్ తీసుకోండి. నలుగురు పట్టేది కొంటే కుక్కకు చోటు మిగులుతుంది. ఒంటరిగా కుక్కతో తిరిగేవారికి బండిలో పడక చాలు. చిన్న కుక్క, తరచూ మన్యం కొండల ప్రయాణం, విడి ఇల్లు, బరువు మోయగల పైకప్పు, ఈ నాలుగూ కలిసివచ్చినవారు రూఫ్‌టాప్ టెంట్ కొనడంలో అర్థం ఉంది. వాళ్లయినా ముందు అద్దెకు తీసుకుని ఒక రాత్రి పడుకుని చూడాలి. హార్డ్ షెల్ త్వరగా తెరుచుకుంటుంది, వానకు బాగా తట్టుకుంటుంది కాని బరువు ఎక్కువ కాబట్టి, పైకప్పు లెక్క తేలాకే దాని జోలికి వెళ్లాలి.

టెంట్‌లో మిగిల్చిన డబ్బును నీళ్లకు, చల్లదనానికి, కుక్క ఆరోగ్యానికి పెట్టడం మంచిది. ఇరవై లీటర్ల వాటర్ టిన్ ఒకటి మనుషులకు, మరొకటి కుక్కకు, గిన్నెలకు. కుక్కకు మామూలు రోజున కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీరు కావాలి, పరుగెత్తిన రోజున అంతకంటే ఎక్కువ. పన్నెండు వోల్టుల ఫ్రిజ్ సౌకర్యమే కాని బండి బ్యాటరీ మీద రాత్రంతా నడిపితే ఉదయం ఇంజను స్టార్ట్ కాకపోవచ్చు, దానికి విడి లిథియం బ్యాటరీ కావాలి. రెండు రోజుల ప్రయాణానికి మందపాటి ఐస్‌పెట్టె సరిపోతుంది, మచిలీపట్నం, నిజాంపట్నం వంటి చేపల రేవుల్లో ఐస్ ఎలాగూ దొరుకుతుంది. వంట టెంట్ లోపల చేయకూడదు. కుక్కకు మన కూరలోని ఉల్లి, వెల్లుల్లి, పాయసంలోని కిస్‌మిస్ విషమే, బిర్యానీలోని ఉడికిన కోడి ఎముకలు పగిలి పేగులకు గుచ్చుకుంటాయి; దాని తిండి విడిగా కట్టుకువెళ్లండి. రేబిస్ టీకాతో పాటు లెప్టోస్పైరోసిస్ టీకా కూడా వేయించి ఉండాలి, ఎందుకంటే ఎలుకలు తిరిగే వరి చేల నీళ్లలో ఆ క్రిమి ఉంటుంది. సాయంత్రం టెంట్‌లోకి తీసుకునే ముందు చెవుల లోపల, మెడ పట్టీ కింద, వేళ్ల సందుల్లో పిడుదులను వెతకండి. పిడుదు కనిపిస్తే పట్టకారును చర్మానికి ఆనించి, తల విరగకుండా నిదానంగా నిటారుగా లాగాలి. తరువాత రెండు మూడు వారాల్లో కుక్క తిండి మానేసి, జ్వరంగా, చిగుళ్లు పాలిపోయి కనిపిస్తే, పిడుదుల నుంచి వచ్చే ఎర్లిషియా, బబేసియా జబ్బులకు రక్తపరీక్ష చేయించమని పశువైద్యుడికి మీరే గుర్తుచేయండి.